ఉరిమితే మొదటి కేక

రోహిణి కార్తె. ఎండ. ఉరుము లేదు.

ఈ ఉరుముల పుస్తకం ఇన్నాళ్లూ మా అప్ప నూకాలమ్మ రాసేది. ఏ కార్తె, ఎండా మబ్బా, ఉరిమిందా లేదా, ఇంట్లో ఏమేం ప్లగ్గులు పీకాం, పిడుగుని నేలలోకి దింపే ఎర్తు గోతిలో నీళ్లు పోశామా లేదా. రోజుకొక్క వరస, అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. కొండ మీది పిడుగుల కడ్డీ ఆఫీసు వాళ్లు ఏడాదికోసారి వచ్చి చూసుకుపోతారు. ఇప్పుడు అప్ప లేదు కనక చెల్లెలు రాయాలన్నారు. ఆ చెల్లెల్ని నేనే, పైడమ్మని. ఒక్క వరసలో సరిపెట్టడం నాకు పుట్టుకతో రాదు. చదివే ఆఫీసరుకి ఓపికుంటే చదువుకోవచ్చు, లేకపోతే మూసేసి టీ తాగొచ్చు.

అప్పని జ్వరం తీసుకుపోయింది. వీధి మొత్తాన్ని పిడుగుల నుంచి కాచిన మనిషి. ఆవిడ ఉండగా మా వీధిలో ఒక్క బల్బు మాడలేదు. అలాంటిది ఒంట్లో వేడికి లొంగిపోయింది. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువొస్తోంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

ఉరమగానే మా కడ్డీపేటలో మొదటి కేక అప్పదే. ఇంటి ముందు గోడ దగ్గర నిలబడి, "ఉరిమింది! పీకీసినారా?" అని అరిచేది. ఒక్కో ఇంటి నుంచీ వరసగా "పీకీసినాం!" అని జవాబు రావాలి. జవాబు రాని ఇంటికి పరిగెత్తడమే. అన్ని ఇళ్లూ పలికాక, "అందరూ అయిపోనారు, లోపలికి ఎల్లిపోండి" అనేది. ఆ మాట పడేదాకా ఎవరూ గోడ దగ్గర నుంచి కదిలేవారు కాదు. ఆ పెత్తనం చూస్తే నాకు ఒళ్లు మండేది. కలెక్టరమ్మ దిగింది అనేదాన్ని.

ఈ పొద్దున్న గోడపెట్టె పలికింది. "పైడీ, బియ్యం నానెట్టినావా?"

"ఆఁ, నానెట్టినానప్పా" అనేశాను. అన్నాక చేతిలో చెంబు జారిపోయింది.

ఇంట్లో దీపాలు, నీళ్ల మోటారు, పొయ్యి అన్నీ చూసుకునేది ఆ పెట్టే. ఇంట్లో ఎవరు ఎక్కువ మాట్లాడితే వాళ్ల గొంతు పట్టుకుంటుంది, ఆ గొంతుతోనే పలుకుతుంది. మా ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఎవరో వేరే చెప్పాలా.

రోహిణి కార్తె. వడగాలి. ఉరుము లేదు.

రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయంటారు. పెరట్లో నేల కూడా పగిలే ఉంటుంది. ఉంటుంది అని ఎందుకంటున్నానంటే, చూడ్డానికి లేదు. మైల పట్టిన ఇంటివాళ్లు ఎర్తు గోతిని ముట్టుకోకూడదు, అటువైపు తలుపు తీయకూడదు. గోతిలో నీళ్లు పొరుగువాళ్లు పోస్తారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పోయినవాళ్ల గొంతున్న గోడపెట్టెని పెద్దకర్మ అయ్యేదాకా ఆపకూడదు, ఎంత ఉరిమినా సరే. శవం తలదగ్గర దీపం ఆరకూడదన్నట్టే ఇదీ. పెద్దకర్మ నాడు మాత్రం పెట్టె కడుగుతారు. కడగడమంటే నీళ్లతో కాదు, అందులోని గొంతు తుడిచేస్తారు.

ఇదంతా నాకు పట్టేది కాదు, మరిడి లేకపోతే.

మరిడి అప్ప కూతురు. పలక పట్టి రెండేళ్లయిందేమో. తండ్రి మొహం ఎరగదు. వాళ్లమ్మని తీసుకెళ్లిన రోజు నుంచి ఇది బతికున్న మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. నాతో కూడా. అన్నం తినవే అంటే కంచం పట్టుకుని గోడపెట్టె కిందికి పోయి కూర్చుంటుంది.

"అమ్మా, పప్పులో ఉప్పు తక్కువైంది" అని గుసగుసగా చెబుతుంది పెట్టెకి.

"మీ పిన్ని అంతేనమ్మా, ఉప్పంటే దానికి బయ్యం" అంటుంది పెట్టె.

అదీ మా భాగోతం. చచ్చిపోయి కూడా నా వంటకి వంకలు పెడుతోంది. మరిడి మాత్రం నవ్వింది. దాని నవ్వు చూసి నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయాను.

కుడిపక్క ఇంటి అప్పలకొండ వదిన గుమ్మం బయటే నిలబడి పలకరించింది. "పెద్దకర్మకి పెట్టె కడిగించీయాలి పైడీ. ఉంచుకుంటే మంచిది కాదు."

"ఎవలికి మంచిది కాదొదినా? ఆ పిల్లగుంట తల్లితో మాటాడతంది. అది కూడా పీకీమంటావేటి?"

వదిన కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. కడిగించకూడదని నేను అప్పుడే గట్టిగా అనుకున్నాను.

రోహిణి కార్తె. మధ్యాహ్నం మబ్బు. ఉరిమింది. పిడుగు.

రాత అర్థం కాకపోతే ఆఫీసరు క్షమించాలి.

రేపు పెద్దకర్మ అనగా ఇవాళ పడింది. మొదటి మబ్బు, మొదటి ఉరుము. వీధిలో మొదటి కేక ఎవరు వేయాలో ఎవరికీ తెలియలేదు. చివరికి అప్పలకొండ వదిన పీలగొంతుతో అరిచింది. ఇళ్లన్నీ పలికాయి. మా ఇల్లు మైలలో ఉంది కనక పలకకూడదు, పీకకూడదు. నేను గడపలో నిలబడ్డాను. మరిడి పెట్టె కిందే కూర్చుని ఉంది. ఎందుకో పోయి దాని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. అది గింజుకుంది, నా చెయ్యి కొరికింది.

అప్పుడు పడింది. ఇల్లంతా తెల్లబడిపోయింది. చప్పుడు తర్వాత చాలాసేపు చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. లోపలికెళితే గోడపెట్టె నల్లగా మాడి, కింద గోడ మీద మసి కారుతోంది. ఫ్రిజ్జు, మోటారు, పొయ్యి అన్నీ పోయాయి. మెయిన్ దగ్గరి మెరుపుడబ్బా మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

మరిడి మాడిన పెట్టె మీద అరచెయ్యి పెట్టి, "అమ్మా" అంది. మళ్లీ అంది. ఆ తర్వాత అనలేదు.

మృగశిర కార్తె. మబ్బు. ఉరుము లేదు.

మైల పోయింది, పెరటి తలుపు తీశాను. ఎర్తు గొయ్యి ఎండి బీటలు వారి ఉంది. బొగ్గు పొడిపొడిగా చేతికొచ్చింది. ఎన్నాళ్ల నుంచో దాంట్లో చుక్క నీళ్లు పడలేదు.

మెరుపుడబ్బా మెరుపుని తినేయదు. దానికి దారి చూపిస్తుంది, అంతే. ఆ దారి గోతిలోకి. గొయ్యి తడిగా ఉంటే మెరుపు నేలలోకి పోతుంది. ఎండి ఉంటే దారి లేక వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తుంది. ఇది మా పేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

బిందె పట్టుకుని వీధిలోకి పోయి అరిచాను. అప్పలకొండ వదిన, ఎడంపక్క ఇంటి కాశీనాయుడు మావ ఇద్దరూ బయటికొచ్చారు. కాశీనాయుడు మావ ఒంటరివాడు, పెళ్లాం పోయి చాన్నాళ్లయింది. ఒకప్పుడు కడ్డీ ఆఫీసులో తీగలు లాగేవాడు.

"నువ్వు పోస్తన్నావనుకున్నాను మావా" అంది వదిన, మొహం పాలిపోయి.

"ఆడగుంటల ఇల్లు కదా, నువ్వే సూస్తన్నావనుకున్నాను నేను" అన్నాడు మావ.

"పదిమంది సేతిలో పాము సావదని ఊరికే అనలేదు! ఇద్దరి సేతిలో కూడా సావలేదు!" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. వదిన అక్కడే కూలబడి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నీళ్ల పని ఒకరి మీద ఒకరు వదిలేశారు సరే, తలుపుకి ఇవతల కూర్చుని కట్టుబాటు పాటించిన నన్నేమనాలి.

మరిడి ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడదు. పెట్టె లేదు కదా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా కూర్చుంటుంది.

మృగశిర కార్తె. తుంపర. ఉరుము లేదు.

సాయంత్రం అప్పలకొండ వదిన పరుగున వచ్చింది. చెప్పుల్లేవు, పైట జారిపోతోంది.

"పైడీ, మా పెట్టి... మా పెట్టి నూకాలప్పనాగ మాటాడతంది."

వెళ్లి నిలబడ్డాను. వదిన పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. వాళ్ల గోడపెట్టె అంది: "ఒసే పైడీ, మంట తగ్గించు. పొంగిపోతంది."

మంట తగ్గించాను. చెయ్యి దానంతటదే పోయింది. వెనక అడుగుల చప్పుడు విని తిరిగి చూస్తే మరిడి. పెట్టె కిందికి పోయి గోడకి ఆనుకుని కూర్చుంది. "అమ్మా, ఇక్కడ ఉన్నావేటి?" అంది.

"ఇక్కడే ఉన్నానమ్మా. నాకు దారి తెలవలేదు" అంది గొంతు.

కాశీనాయుడు మావ వచ్చి చూశాడు. వీధిలో పెట్టెలన్నిటినీ కలుపుతూ ఒక సన్నతీగ ఉంది, మాటతీగ అంటాం. కడ్డీ ఆఫీసు నుంచి మబ్బు కబురు ఇంటింటికీ దాని మీదే వస్తుంది. ఉరిమినప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు మాటతీగ కూడా పీకాలి. దాంట్లో కరెంటు ఉండదు కదేటి అని ఎవరూ పీకరు. రెండూ పీకేది అప్ప ఒక్కతే, పీకనివాళ్లని తిట్టేదీ ఆవిడే. ఆ రోజు కూడా వీధిలో ఒక్కరూ మాటతీగ పీకలేదు. గోతిలో దారి దొరకని మెరుపు మా పెట్టెలో ఉన్న గొంతుని పట్టుకుని ఆ తీగ మీద పడి ఇంటింటికీ పోయింది. మావ అలాగే చెప్పాడు. ఇంతకు ముందు ఇలా ఎక్కడా జరగలేదని కూడా చెప్పాడు.

నాకు భయమేసింది. సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు. మరిడి అన్నం మింగింది.

మృగశిర కార్తె. మబ్బు. ఉరిమింది.

కొన్నాళ్లుగా మరిడి ఇల్లిల్లూ తిరుగుతోంది. ఏ ఇంట్లో వాళ్లమ్మ పలికితే ఆ ఇంటికి పోతుంది. వీధివాళ్లు దాన్ని కూర్చోబెట్టుకుని బెల్లంముక్క పెడుతున్నారు. పాపం పసిదాని కోసమే తిరుగుతోంది తల్లి అంటున్నారు. నన్నూ తిడుతోంది ఆ గొంతు, ప్రతి ఇంట్లోంచీ. మా వీధిలోని గాజుల దుకాణంలో కూడా తిట్టింది. "ఆ రంగు నీకు నప్పదే" అంది. కొనకుండా వచ్చేశాను.

ఇవాళ ఉరిమింది. వదిన కేక వేసింది. "పీకీసినాం" అని జవాబులు ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు, ఒకదాని మీద ఒకటి. వీధంతా ఒక్కసారి పలికింది. పిడుగు ఎక్కడో కొండవతల పడింది.

బాగానే ఉంది కదా అనుకుని లోపలికి పోయాను. ఇది రాస్తుంటే ఇప్పుడు ఏదో తేడాగా అనిపిస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

ఆరుద్ర కార్తె. పెద్ద గాలి. ఉరిమింది. పిడుగు.

ఆ తేడా ఏమిటో తెలిసింది.

మధ్యాహ్నం ఉరిమితే వదిన కేక వేసింది. జవాబులు వచ్చాయి. కాశీనాయుడు మావ ఇంట్లోంచి కూడా "పీకీసినాం" అని వినిపించింది. లోపలికి పోయాం. పిడుగు మావ ఇంటి మీదే పడింది.

ఆయన అసలు పీకలేదు. భోంచేసి కునుకు తీశాడు, ఉరుము వినలేదు. పిడుగు పడేసరికి లేచి మోటారు వేయబోతున్నాడు, స్విచ్చి మీద చెయ్యి ఉంది. చెయ్యి మోచేతి దాకా కాలింది. ఒక చెవి వినిపించడం లేదు. ఆస్పత్రి నుంచి కట్టుతో వచ్చి ఆయన అన్న మొదటి మాట: "నేను పలకలేదు పైడీ. మరి ఎవలు పలికినారు?"

ఎవరో నాకు తెలుసు. పలికింది ఆడగొంతు. పెళ్లాం లేని ముసలాయన ఇంట్లోంచి ఆడగొంతు ఎక్కడిదని వీధిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ గొంతుకి అందరం అంత అలవాటు పడిపోయాం.

పీకిన ఇంట్లో పెట్టె పలకదు. పీకని ఇంట్లోనే పలుకుతుంది. అంటే ఇన్నాళ్లూ "పీకీసినాం" అని తొందరగా పలికిన ఇళ్లు పీకని ఇళ్లే. బతికుండగా ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఆవిడలో మిగిలింది ఈ కాస్త గొంతే, దానికి తెలిసింది ఒకటే, అన్ని ఇళ్లూ పలకాలి. ఎవరైనా పలకకపోతే ఆవిడ తట్టుకోలేదు. అందుకని తనే పలుకుతోంది.

ఇంత రాసి చాలాసేపు ఏడ్చాను. ఇన్ని రోజుల తర్వాత ఇవాళే సరిగ్గా ఏడ్చాను.

ఆరుద్ర కార్తె. మబ్బు. ఉరుము లేదు.

వీధివాళ్లంతా మా అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. మాటతీగ మొత్తం తెగ్గొట్టేద్దామన్నారు ఒకరు. తెగ్గొడితే మబ్బు కబురు రాదు, వచ్చే కార్తెల్లో ఇంకెందరి చేతులు కాలాలి. పెట్టెలన్నీ కడిగిద్దామన్నారు ఇంకొకరు. ఒక పెట్టె కడిగితే పక్క పెట్టెలోకి పోతుందన్నాడు మావ.

"దారి లేకే కదా తిరుగుతంది" అన్నాను నేను. "దారిస్తే ఎలిపోద్ది."

అందరూ నా వైపు చూశారు. నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను. వీధంతా రెండేసి తీగలూ పీకేయాలి. మా ఇల్లొక్కటే పీకకుండా ఉండాలి. ఆఫీసువాళ్ల దగ్గరున్న పాత పెట్టె ఒకటి తెచ్చి మా గోడకి బిగించాలి. గొంతుకి నిలవడానికి ఇంకే ఇల్లూ లేకపోతే మా ఇంటికే వస్తుంది. గోతిలో కొత్త బొగ్గు, ఉప్పు వేసి నిండా తడిపి ఉంచాలి. పిడుగు వచ్చిన దారినే గొంతుని కిందికి తీసుకుపోతుంది.

"అవుద్దంటావా మావా?"

మావ కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు. "అవుద్దనే అనుకుంటాను. ఆ పిల్లగుంటకి నువ్వే సెప్పాల."

చెప్పాను. దాచి చేస్తే జన్మలో నన్ను క్షమించదు. "మీయమ్మని పంపీయాల మరిడీ. ఉంటే ఇంకెవలో సచ్చిపోతారు. మీయమ్మ వల్ల ఎవలైనా సచ్చిపోతే మీయమ్మకి బాగుంటదేటి?"

మరిడి నన్ను చూసింది. పెరట్లోకి పోయి ఉప్పు బస్తా మీద ఎక్కి కూర్చుంది. వాన పడినా దిగలేదు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. చెయ్యి నొప్పెట్టింది, చెయ్యి మార్చుకున్నాను. ఉప్పు నానిపోతోంది దిగవే అన్నాను. చీకటి పడ్డాక తనే దిగి, బస్తా మూతి విప్పి, ఒక దోసెడు ఉప్పు గోతిలో వేసింది. ఆ తర్వాత ఇంకో దోసెడు.

ఆరుద్ర కార్తె. కారుమబ్బు. ఉరిమింది. పిడుగు. మా ఇల్లు పీకలేదు.

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. పొద్దున్నే కొండ నల్లబడింది. వీధిలో అందరూ కరెంటు ప్లగ్గు, మాటతీగ రెండూ పీకేశారు. పీకిన తీగ కొసలు గోడ మీద పెట్టి నాకు చూపించారు. నేను ఇంటింటికీ తిరిగి చూశాను. అప్ప తిరిగేది ఇలాగే.

గోతి నిండా నీళ్లు పోశాం, నేనూ మరిడీ. నేను బిందెతో, అది చెంబుతో. గొయ్యి తాగుతూనే ఉంది, పోస్తూనే ఉన్నాం.

పాత పెట్టె మా గోడ మీద మేలుకుంది. మొదట ఒక గరగర. తర్వాత, "పైడీ, ఇల్లు ఇలాగ ఉందేటే? ఊడవలేదా?"

"ఊడుస్తానప్పా" అన్నాను. ఇల్లు శుభ్రంగానే ఉంది. వాదించలేదు.

మరిడి ఆ పెట్టె కింద కాసేపు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినాలనీ అనుకోలేదు. గాలి లేచాక దాన్ని తీసుకుని అప్పలకొండ వదిన వరండాలోకి పోయాను. అక్కడి నుంచి మా కిటికీ ఎదురుగానే ఉంటుంది.

ఉరిమింది.

"ఉరిమింది! పీకీసినారా?" మా ఇంట్లోంచి వచ్చింది ఆ కేక. ఎప్పటి కేకే. గోడల దగ్గర నిలబడ్డ మనుషులు ఒక్కొక్కరే పలికారు. వీధి చివరి ఇల్లు. దాని పక్క ఇల్లు. వదిన "పీకీసినాం నూకాలప్పా" అంది. కాశీనాయుడు మావ ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు. ఈసారి అన్నీ బతికున్న గొంతులే.

ఇంక ఒక ఇల్లే మిగిలింది.

"మనిల్లు?" అంది అప్ప. "పైడీ, మనిల్లు పీకీసినావా?"

పీకలేదని చెబితే ఆవిడ బెంబేలెత్తిపోతుంది. పీకామని చెప్పడానికి నాకు నోరాడలేదు. మెరుపు ఒకటి కొండ మీద మెరిసింది.

"పైడీ? పలకవేటే? మరిడి ఎక్కడుంది? పీకీసినారా లేదా?" గొంతులో భయం. ఆవిడ బతికుండగా ఆ భయం నేనెప్పుడూ ఆ గొంతులో వినలేదు.

నా పక్కనించి మరిడి అరుగు అంచు దాకా పోయింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది, వాళ్లమ్మ పెట్టుకున్నట్టే.

"పీకీసినామమ్మా!" అని అరిచింది. వీధి ఆ చివరి దాకా వినిపించింది. "అన్నీ పీకీసినాం! నాను పీకీసినాను!"

ఒక్క క్షణం గరగర.

"మా అమ్మే" అంది అప్ప గొంతు, చల్లబడి. "అయితే అందరూ అయిపోనారు. లోపలికి ఎల్లిపోండి."

మేం లోపలికి పోయాం. వెనకాల తెల్లగా వెలిగింది, నేల అదిరింది. మరిడిని నేను గట్టిగా పట్టుకున్నాను, ఈసారి అది కొరకలేదు. వాన వెలిశాక పెరట్లోకెళ్లి చూస్తే గోతిలోంచి ఆవిరి లేస్తోంది. మాడిన వాసన లేదు. తడిసిన మట్టి వాసన వచ్చింది. పాత పెట్టె మేలుకునే ఉంది, ఒక్క దీపం కూడా మాడలేదు. "పలుకు" అన్నాను. అప్ప గొంతుతో కాదు, ఆఫీసువాళ్లు బిగించిన మొండిగొంతుతో అంకెలేవో చదివింది.

పునర్వసు కార్తె. మబ్బు. ఉరిమింది. రెండు తీగలూ పీకాం. గోతిలో నీళ్లు పోశాం.

అప్ప రాసినట్టు ఒక్క వరసలో ముగిద్దామనుకున్నాను. కుదరలేదు.

మరిడి మాట్లాడుతోంది. ఎక్కువేం కాదు. ఉప్పు తక్కువైంది అని నాకే చెబుతోంది, మొహం మీదే.

ఇవాళ ఉరిమింది. మొదటి కేక మరిడి వేసింది, ఎవరూ చెప్పకుండానే. గోడ అందక పీట వేసుకుని ఎక్కింది. "ఉరిమింది! పీకీసినారా?" వీధంతా వరసగా పలికింది, మా ఇల్లు కూడా. ఈసారి నిజంగానే పీకాం.

అన్ని ఇళ్లూ అయిపోయాయి. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. వదిన తన గోడ దగ్గర, మావ తన గోడ దగ్గర, వీధి పొడుగునా అందరూ తడుస్తూ నిలబడి ఉన్నారు. మరిడి పీట మీదే ఉంది. ఎందుకు లోపలికి పోవడం లేదో మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఆ చివరి మాట ఇంకా ఎవరూ అనలేదు. ఆ మాట పడందే కదలడం ఎవరికీ చేతకాదు. నాకూ చేతకాలేదు, నేనూ నిలబడే వింటున్నాను.

దగ్గర్లో మెరిసింది. అలా ఇంకాసేపు నిలబెడితే ఎవరో ఒకరు పోతారు.

"అందరూ అయిపోనారు!" అని అరిచాను. "లోపలికి ఎల్లిపోండి!"

అది నా గొంతు కాదు, అచ్చం అప్పదే. నాకే తెలిసింది. వీధిలో వదిన తలెత్తి చూసింది. మరిడి పీట మీద గిర్రున వెనక్కి తిరిగి, ముందు మా గోడ మీది పెట్టె వైపు చూసింది. దాని తీగలు రెండూ కింద వేలాడుతున్నాయి. ఆ తర్వాత నా మొహంలోకి చూసింది, చాలాసేపు.

"నేనేనే" అన్నాను. "నేనేనే మరిడీ."